నౌపడలో చదివిన సవరణ

శ్రీకాకుళంలో మా పత్రిక చిన్నదే గానీ, మా ఎడిటరు గారి పట్టింపులు పెద్దవి. తప్పు రాస్తే సవరణ మొదటి పేజీలోనే వేయాలి. వేసేముందు, రాసినవాడే ఆ మనిషి ఇంటికి వెళ్లి చదివి వినిపించాలి. సరేనంటేనే అచ్చు. ఫ్రాన్సులో పత్రిక నడిపి మంత్రి అయిన ఒకాయన గురించి ఎక్కడో చదివారట. "కుర్సీ ఎక్కినా తన పేపరు జోలికి ఎల్లలేదురా ఆయన" అని మాకు వందసార్లు చెప్పి ఉంటారు.

చేరిన కొత్తలో నేనో ఘనకార్యం చేశాను. నౌపడ ఉప్పుమడుల్లో ఎండదెబ్బకు ఒకామె చనిపోతే, పక్క మడిలో పనిచేసే ఇంకొకామె పేరు రాసేశాను. రైలెక్కి వెళ్లి, నిక్షేపంలా ఉన్న మనిషికి ఆమె బతికే ఉందని చదివి వినిపించాను. పడీ పడీ నవ్వి, టీ పెట్టి ఇచ్చింది.

తర్వాత ఎడిటరు గారు ఎన్నికల్లో గెలిచారు. మేమే టపాకాయలు కాల్చాం. పత్రిక ఆయన చేతిలోనే ఉంది. ఈ వేసవిలో ఆ మడులకు ఎవరో కంచె వేసి కూలీలను రానివ్వడం లేదని ఆ టీ ఇచ్చినావిడే చెబితే, ఆవిడ పేరుతో సహా రాశాను. మర్నాడే ఆయన ఆఫీసుకొచ్చి, కూర్చోకుండానే ఒక సవరణ రాసి నా ముందు పడేశారు. 'ఆమె అలా చెప్పలేదు. వార్త అవాస్తవం.'

కాగితం తీసుకుని చదివి అడిగాను.

"మీరు ఆమెతో మాట్లాడారా సార్?"

"కంచె ఏసినోడు మనోడేరా. ఏసీయి."

"చదివి వినిపించాలి కదా సార్. మీరు పెట్టిన నియమమే."

"అయితే ఎల్లి సదివి రా."

ఆమె కాదంటే ఆయన ఆగుతారని నమ్మి వెళ్లాను. కంచె బయట గట్టు మీద కూర్చుని ఉంది. చదివాను. ఈసారి నవ్వలేదు.

"నాను సెప్పనేదా బాబూ? అప్పుడు సచ్చిపోనానని రాసినావు, బతికున్నానని సదివినావు. ఇప్పుడు మల్లీ సంపేస్తన్నావేటి?"

సిగ్గుతో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. స్టేషన్ నుంచి ఫోన్ చేసి, "ఆమె ఒప్పుకోలేదు సార్" అన్నాను.

"సదివినావు కదా. ఇంకేటి, ఏసీయి."

ఆ గొంతు ఆయనదేనంటే ఇప్పటికీ నమ్మలేను. నేను వేయలేదు. ఆ ఆఫీసు మెట్లు మళ్లీ ఎక్కలేదు. మర్నాడు సవరణ వచ్చింది, మొదటి పేజీలోనే.