వేడినీటి కొలను దగ్గర మా నాన్న వాదన

ఈ సాయంత్రం గల్ఫ్ తీరపు ఊరు జల్లాఖ్‌లో మా నాన్న పనిచేసే రిసార్టుకు వెళ్లాను. అక్కడి జపాన్ తరహా వేడినీటి కొలను ఆయన బాధ్యత. జపాన్‌లో వేడినీటి బుగ్గలెన్నో చూసివచ్చానని గొప్పలు చెబుతున్న ఒక తెలుగు ఇంజనీరు, ఒళ్లు కడుక్కోకుండానే కొలనులోకి దిగబోయాడు. నాన్న అడ్డంగా నిలబడ్డారు.

"జపాన్ వెళ్లొచ్చినోడ్ని, నువ్వా నాకు చెప్పేది? మేనేజర్‌తో ఒక్క మాటంటే నీ డ్యూటీ ఖలాస్!"

"చెప్పుండ్రి సార్. నేను జపాన్ సూడలే. గని మీ తర్వాత గీ నీళ్లల్ల ఇంకో మనిషి దిగాలె గద."

నేను నోరు తెరిచేలోపే అతడు షవర్ వైపు నడిచాడు. కళాశాల వాదోపవాదాల్లో ఎందరినో ఓడించాను. ఒక్కరినైనా స్నానానికి పంపలేకపోయాను. ఇంతటి వక్త మీ ఇంట్లోనూ ఉన్నారా? ఉంటే నిరూపించండి.