పాతిపెట్టిన మలీద

అత్తగారింట మొదటి సద్దుల బతుకమ్మ నాడే గౌరమ్మ నైవేద్యాన్ని కాలనీ ఆడవాళ్ల చేత మట్టిలో పూడ్పించిన కోడలు హనుమకొండ మొత్తంలో నేనొక్కదాన్నే. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. నాకు సర్దే చెయ్యి కూడా ఊరుకోదు. బతుకమ్మ ఆడే మైదానంలో స్నేహితులం కలిసి పర్యావరణం స్టాలు పెట్టాం. ఎర్రమట్టి, పేడ కలిపి, నడుమ సీతాఫలం గింజ పెట్టి ముద్దలు చేశాం. వాటిని పంచి, పాతిపెట్టమని చెప్పడం నా పని.

"పండుగ పూట స్టాలేందే? సరే, పో. నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవనుకో, మల్ల గడప దాటనియ్య!" అని అత్తమ్మ ముందే హెచ్చరించింది. ఆమె ఇజ్జతంతా గౌరమ్మకు పెట్టే మలీద ముద్దల్లోనే ఉంది. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి వేసి కట్టిన ఆ ముద్దల కోసం కాలనీ ఏడాదంతా ఎదురుచూస్తుంది. ఆ స్టీలు డబ్బాను మా బల్ల కింద పెట్టి ఆమె ఆటకు వెళ్లింది.

ప్లాస్టిక్ వద్దనే స్టాలు కదా, బల్ల మీద మా మట్టిముద్దలూ స్టీలు డబ్బాలోనే ఉన్నాయి. అత్తమ్మ మలీద డబ్బాకు జోడు డబ్బాలోనే.

జనం ఇంకా రాలేదు. కూర్చోలేకపోయాను. బ్యానరు విప్పి మళ్లీ కట్టాను. బల్ల అటు జరిపి ఇటు జరిపాను. కింది డబ్బా పైకి, పైది కిందికి సర్దాను.

"జర ఒక్క తాన కూసో అక్కా! నిన్ను చూస్తాంటే నాకు కండ్లు తిరుగుతానయి," అంది స్టాల్లో నాకు తోడున్న రెహానా.

చీకటి పడ్డాక గుంపు వచ్చింది. ఇక నన్ను ఆపేదెవరు? "తినకండి! మట్టిలో పాతండి! నీళ్లు పోయండి!" అంటూ చూడకుండానే పంచేశాను.

"బిడ్డా, నెయ్యి వాసన వస్తాందేందే?" అంది ఎదురింటి చిన్నమ్మ.

"నాటు ఆవు పేడ చిన్నమ్మా!" అన్నాను గర్వంగా.

చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని పాపం అందరూ మైదానం అంచున గుంతలు తీసి పాతారు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను తీయించిన గోతుల్లో అత్తమ్మ మలీద పడింది.

బతుకమ్మలను నీళ్లలో వదిలి వచ్చిన అత్తమ్మ, బల్ల కింది డబ్బా తీసి ముందు తనే ఒక ముద్ద నోట్లో వేసుకుంది. నమలడం ఆగింది. చుట్టూ చాచిన చేతులు. నలుగురిలో ప్రసాదం ఉమ్మితే ఇజ్జత్ ఏం కావాలి? డబ్బా మూత పెట్టి, కడుపు నొప్పని సైగ చేసి, మూసిన నోటితో ఇంటిదాకా నడిచింది. వెనకాలే డబ్బా మోసుకుంటూ నేను. గేటు పక్కన ఉమ్మి, అప్పుడు నోరు తెరిచింది. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

తెల్లారి కాలనీ కుక్కలన్నీ మైదానంలో మలీద పండుగ చేసుకున్నాయి. మేం చేసిన ముద్దల్లో మొలిచింది ఒక్కటే, మా గేటు పక్కన.

కొన్నేళ్లకు అది కాపుకొచ్చింది. ఏటా బతుకమ్మకు అత్తమ్మ అందరికీ ఆ పండ్లు పంచుతూ, నన్నే చూస్తూ అంటుంది: "తినుండ్రి బిడ్డా, పాతిపెట్టకుండ్రి!"

అందుకే ఆ సీతాఫలం చెట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక నా కంఠంలో ప్రాణముండగా పండుగనాడు ఏ డబ్బానూ సర్దను. అత్తమ్మా, ఆ పండ్ల బుట్ట మాత్రం జర వంకరగా ఉంది, కొంచెం జరపనా?