సీలు కింద నలిగిన పిన్నులు

పాన్ స్యూలాన్‌కు ప్రాసెసర్ సాకెట్ పిన్నుల లెక్క చెంపదెబ్బలతో వచ్చింది. చైనాలోని డాంగ్‌గ్వాన్‌లో కంప్యూటర్ మదర్‌బోర్డుల ఫ్యాక్టరీలో చేరేనాటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. అడ్డవరసకో అక్షరం, నిలువువరసకో అంకె. ఏ పిన్ను కరెంటుది, ఏది మెమరీది, ఏది ఎర్తుది అని సూపర్‌వైజరు అడిగేవాడు. తప్పు చెబితే చెంప పగిలేది. ఏడాది తిరిగేసరికి వెయ్యికి పైగా పిన్నులు కంఠతా వచ్చాయి, ఎడమ చెవి మాత్రం వినికిడి పోగొట్టుకుంది.

తర్వాత షెన్‌జెన్ చేరి, హ్వాచ్యాంగ్‌బే ఎలక్ట్రానిక్స్ బజారు మూడో అంతస్తులో మైక్రోస్కోపు పెట్టుకుని, వంగిన పిన్నులు లేపే పనిలో కుదురుకుంది.

ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు లో షెంగ్ పనిచేయని మదర్‌బోర్డు పట్టుకొచ్చాడు. వెనకాలే దాన్ని అమ్మిన దుకాణదారు కౌ దగాంగ్ వచ్చాడు.

“అక్కా, మా ఇద్దరి ముందూ విప్పి చూడు. నేనే పాడుచేశానంటున్నాడు,” అన్నాడు లో షెంగ్.

“నువ్వు కాకపోతే మీ తాత చేశాడా? స్టీరింగు తిప్పే మొద్దు చేతులు నీవి!” అన్నాడు కౌ.

ప్రాసెసర్‌ను బిగించే లీవరు మీద కౌ దుకాణం సీలు చెక్కుచెదరలేదు. స్యూలాన్ దాన్ని కోసి, ప్రాసెసర్ ఎత్తి, లెన్సులోంచి చూసింది. ఒక అంచున రెండు వరసల పిన్నులు చితికిపోయి ఉన్నాయి.

“మూలనున్న గుర్తు చూడకుండా ప్రాసెసర్‌ను అడ్డంగా పెట్టి నొక్కారు. తర్వాత తిప్పి సరిగ్గా పెట్టారు. నలిగినవి మెమరీ పిన్నులు, అందుకే తెర వెలగట్లేదు. పైన సీలు నీది కౌ. ఈ పని నీదే.”

“నోర్ముయ్యవే చెవిటిదానా!”

బల్ల మీదున్న, ప్రాసెసర్ వేడి తగ్గించే బరువైన రాగి హీట్‌సింకు లాగి కౌ లో షెంగ్ ముఖాన కొట్టాడు. కనుబొమ్మ చీలి రక్తం బోర్డంతా చిందింది. స్యూలాన్ అడ్డం వెళ్లింది. కౌ ఆమె కుడిచేతిని బల్లకు అదిమిపెట్టి ఇనప స్టూలుతో రెండుసార్లు మోదాడు. మూడు వేళ్లు పటపటా విరిగాయి. లో షెంగ్ తేరుకుని కౌ ముక్కు బద్దలుకొట్టాడు. గార్డులు విడదీసేదాకా ఇద్దరూ నేల మీద దొర్లారు.

కౌ ఎనిమిది నెలలు జైల్లో ఉన్నాడు. ఆ ఎనిమిది నెలలూ స్యూలాన్ ఎడమ చేత్తో పిన్నులు లేపే సూది పట్టడం నేర్చుకుంది. పిన్నులు పాడుచేసి, ఏడ్చి, మళ్లీ పట్టుకుంది.

కౌ తిరిగొచ్చి అదే బజారులో దుకాణం తెరిచాడు. ఆమెను చూసి నవ్వాడు.

“ఏం పాన్, ఆ చేత్తో పుల్లలు పట్టి తినగలుగుతున్నావా?”

స్యూలాన్ పక్క దుకాణంలో సుత్తి అందుకుంది. మొదటి దెబ్బకు అతని గాజు బల్ల భళ్లుమంది. రెండోది అతని చేతికి వేలెడు దూరంలో పడింది. కావాలని తప్పించిందో, ఎడమ చెయ్యి తప్పిందో ఆమెకే తెలియదు. కౌ గోడకు అతుక్కుపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లెవరూ గార్డులను పిలవలేదు.

వారంలో అతను మరో బజారుకు మారిపోయాడు. సుత్తి ఎత్తిన రోజు మాత్రం స్యూలాన్ ఒక్క పిన్నూ ముట్టలేకపోయింది. సాయంత్రందాకా మైక్రోస్కోపు ముందు కూర్చుని, సూది పట్టి మళ్లీ బల్ల మీద పెట్టేసింది.