మూడో కుర్చీ

"రెండు కుర్చీల గదిలో మూడో కుర్చీ దేనికమ్మా? ఇదేమన్నా సినిమా హాలా?" అన్నాడు ఇన్‌ఛార్జి సారు.

"మూడోది వచ్చేవాళ్లకి కాదు సారూ, పోయేవాళ్లకి," అంది గొడుగు మేడం.

నడవాలో బల్ల మీద కూర్చున్న ఇస్త్రీ పెద్దమ్మ చెవులు అటు పడేసింది. ఆవిడకి నిద్ర పట్టదు, మోకాళ్లు వంగవు. కానీ పక్క గదిలో గొడవ జరుగుతుంటే మాత్రం గోడ అడ్డం రాదు.

అది మనసు బాగాలేనివాళ్లు వచ్చి, తలుపు వేసుకుని, తమ గోడు చెప్పుకునే కౌన్సెలింగ్ కేంద్రం. కింద టైర్ల పంక్చరు షాపు, మెట్లెక్కితే ఇది. పెద్ద డాక్టర్ల దగ్గరికి పోలేనివాళ్లే వస్తారు. వచ్చేవాళ్లు నిలకడగానే వస్తారు, వినేవాళ్లే నిలవరు. ఇవాళ ఉన్న కౌన్సెలరు వచ్చే నెల ఉండడు. మానేసినప్పుడల్లా "మన సిబ్బంది కబుర్లు" అనే బోర్డు మీద ఫొటో గుచ్చి, కింద "మరింత మంచి అవకాశం కోసం వెళ్తున్నారు, శుభాకాంక్షలు" అని రాస్తారు. అక్కడితో సరి. మరుసటి వారం మనిషి వచ్చి తలుపు తోస్తే లోపల కొత్త మొహం. పాత ఏడుపంతా మళ్లీ మొదటి నుంచి ఏడవాలి.

అక్కడి కౌన్సెలర్లలో ఒకరైన గొడుగు మేడం అడిగేది ఒకటే. పోయే కౌన్సెలరు, వాళ్ల స్థానంలోకి వచ్చే కౌన్సెలరు, కష్టం చెప్పుకునే మనిషి, ముగ్గురూ ఒక పూట కలిసి కూర్చోవాలి. పోయేవాళ్లు మూడో కుర్చీలో కూర్చుని, ఈ మనిషి సంగతి ఇదీ అని మొదటి మాట తామే చెప్పి అప్పజెప్పాలి.

"బోర్డు మీద పెడుతున్నాం కదమ్మా, చదువుకోలేరా?"

"మీ ఇంటికి గ్యాస్ బండ తెచ్చే మనిషి మారితే మీరేం చేస్తారు సారూ?"

"ఎవరయ్యా నువ్వని అడుగుతాను."

"ఇనప బండకే అడుగుతారు. వీళ్లు గుండె తీసి బల్ల మీద పెట్టాలి. వీళ్లు మాత్రం అడక్కూడదు."

"సామాన్ల గదిలో పచ్చ కుర్చీ ఒకటుంది. కాలు కాస్త ఊగుతుంది," అన్నాడు సారు చివరికి.

"ఊగనివ్వండి. కూర్చునేది ఎలాగూ ఎల్లకాలం ఉండేవాళ్లు కాదుగా."

పెద్దమ్మ తనే గెలిచినట్టు కొంగు దులుపుకుని పక్కావిడ వంక చూసింది. "నోరంటే అదీ! పెట్టె కాలితేనే బట్ట చెప్పిన మాట వింటుంది," అంది.

పెద్దమ్మకి ఆ కేంద్రంతో పనేమిటంటే, ఆవిడా వాళ్లాయనా కలిసి నలభై ఏళ్లు వీధి మొదట్లో ఇస్త్రీ బండి నడిపారు. ఆయన పోయాక పక్కమీద ఆయన వైపు దుప్పటి ముడత పడటం మానేసింది. ఊరందరి ముడతలూ తీసిన మనిషికి, ముడతలేని ఆ దుప్పటి చూస్తే కన్ను మూతపడేది కాదు. కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "నాకేం పిచ్చి లేదు," అని గుమ్మంలోనే తేల్చి చెప్పింది పెద్దమ్మ. "నాకూ పిచ్చి కుదర్చడం రాదు. కూర్చో, టీ చెబుతాను," అంది గొడుగు మేడం. అప్పటి నుంచి బుధవారం తప్పలేదు.

గొడుగు మేడం మొదట్లో బస్సు కండక్టరు. ఇప్పటికీ నడవాలోకి వచ్చి "తర్వాత ఎవరు, రండి రండి, లోపలికి జరగాలి" అని అరిచిందంటే కింద పంక్చరు షాపువాడు తలెత్తి చూస్తాడు. టికెట్టు కొట్టేటప్పుడు జనం తమ బాధలు చెప్పుకునేవాళ్లట. చిల్లర ఇచ్చినంత తేలిగ్గా వాళ్లకి జవాబు ఇవ్వలేకపోతున్నానని, ఉన్న ఉద్యోగం వదిలి, పెద్ద వయసులో పిల్లల పక్కన కూర్చుని ఈ చదువు చదివింది. మొగుడికది నచ్చలేదు. "జీతం వదిలి ఏడుపులు వినే పనేంటి?" అని అతను తన దారి చూసుకున్నాడు. ఆ గొడుగు కూడా బస్సులో అలవాటైందే. పై కప్పు కారేదట, లోపల గొడుగు వేసుకుని టికెట్లు కొట్టేది. ఎండైనా వానైనా ఆ నల్ల గొడుగు చంకలో ఉండాల్సిందే. పిల్లల్లేరు, ఒక గది ఇల్లు, అన్నం వండుకున్న గిన్నెలోనే తినేస్తుంది. తోడబుట్టిన అక్క ఎప్పుడైనా ఫోను చేస్తే, "బాగున్నానే, పెట్టేయ్, బయట మనుషులున్నారు," అంటుంది.

వచ్చినవాళ్లని ఏదీ చాటుగా అడగదు. ఒకసారి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది: "ఇంట్లో మనిషి ఉన్నట్టుండి నెమ్మదించిపోయినా, తన వస్తువులు తలా ఒకటి పంచిపెడుతున్నా, చచ్చిపోవాలని ఉందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నదే బయటికొస్తుంది."

"ఛీ, ఆ మాట నోటితో ఎలా అంటామమ్మా?" అంది పెద్దమ్మ.

"నీ కోడల్ని రోజూ ఎన్నేసి మాటలంటావు? ఇదొక్కటీ రాదా?"

అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

పచ్చ కుర్చీ కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత పోయేవాళ్లు ఎక్కువయ్యారు, వచ్చేవాళ్లు తగ్గారు. రిసెప్షన్ పిల్ల గుండుసూదుల డబ్బా పట్టుకుని బోర్డు దగ్గరికి వెళ్లిందంటే సిబ్బంది గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి. ఈ వారం ఎవరి ఫొటో? ఒక్కొక్క ఫొటోకీ గొడుగు మేడం గది ముందు బల్ల మీద ఇంకో నలుగురు పెరిగేవాళ్లు. ఆవిడ టీ చల్లారిపోయేది, పైన మీగడ కట్టేది, అలాగే వెనక్కి పోయేది.

అలాంటప్పుడు జ్వరమొచ్చి ఆవిడ రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజుల్లోనే ఇంకో కౌన్సెలరు మానేశాడు. బోర్డు మీద ఫొటో పెట్టారు గానీ కుర్చీ ఎవరూ వెయ్యలేదు. అతని దగ్గరికి వచ్చే మనుషుల్లో తాళాలు బాగుచేసేవాడు ఒకడు. నోట్లోంచి మాట రావడానికే అతనికి ఏడాది పట్టింది. ఆ రోజు తలుపు తోశాడు, కొత్త మొహం చూశాడు. "గది తప్పొచ్చానండీ," అని మెల్లగా తలుపు దగ్గరికి వేసి, మెట్లు దిగిపోయాడు. బల్ల మీదున్న పెద్దమ్మకి దణ్ణం కూడా పెట్టాడు.

మళ్లీ రాలేదు.

జ్వరం తగ్గగానే గొడుగు మేడం అతని కోసం పరిగెత్తింది. ఊళ్లో అందరి తాళాలూ తీసేవాడి కొట్టుకి తాళం వేసి ఉంది. అతను తన ప్రాణం తనే తీసుకున్నాడని, అప్పటికే శ్మశానానికి సాగనంపి వచ్చామని పక్క కొట్టువాళ్లు చెప్పారు. ఆవిడ గుమ్మం మీద కూర్చుండిపోయిందట. కేంద్రానికి తిరిగొచ్చాక గొడవ పడుతుందని అందరూ ఎదురుచూశారు. సారైతే ముందే గది తలుపు వేసుకున్నాడు. ఆవిడ తిన్నగా తన గదికే వెళ్లింది. "తర్వాత ఎవరు?" అంది. ఆ మాట నడవా చివరిదాకా వినపడలేదు.

ఆ తర్వాత బోర్డు మీదికి ఆవిడ ఫొటోనే ఎక్కింది. ఈసారి శుభవార్త: "మన గొడుగు మేడం ఇకపై సీనియర్ కౌన్సెలర్. పై అంతస్తులో ప్రత్యేక గది." సిబ్బంది చప్పట్లు కొట్టారు, కేకు కోశారు. సారు చాలా మాట్లాడాడు. తాళాలతని మాట మాత్రం ఎత్తలేదు. ఆవిడ అందరికీ కేకు పెట్టి తను ముక్క కూడా నోట్లో వేసుకోలేదు. పెద్దమ్మ మాత్రం రెండు తిని, "వయసైనవాళ్లం, ఎక్కువ తినలేం," అంది.

గది మారుతున్నారుగా, సామాన్లు పంచుతున్నారని అందరూ అనుకున్నారు. కుండీలో మొక్క రిసెప్షన్ పిల్లకి వెళ్లింది. గోడ గడియారం సారు గదికి. బస్సులో ఊదిన ఇత్తడి ఈల పంక్చరు షాపువాడి కూతురికి. ఇచ్చిందల్లా నవ్వుతూ ఇచ్చింది. వాళ్లూ నవ్వుతూ పుచ్చుకున్నారు. ఎవరింట్లోనో ఇదే జరిగితే ఇట్టే పసిగట్టే మనుషులు, తమ నడవాలో జరుగుతుంటే పదోన్నతి అనుకున్నారు. దీపం కిందే కదా చీకటి.

పెద్దమ్మ వంతుకి గొడుగొచ్చింది.

"నాకెందుకమ్మా?" అంటూనే చేతిలోకి తీసుకుంది. మంచి గట్టి గొడుగు. ఇంటికెళ్లేదాకా, ఎండ లేకపోయినా వేసుకునే నడిచింది, వీధివాళ్లు చూడాలని.

పై బుధవారం పెద్దమ్మ అప్పగింత. పచ్చ కుర్చీలో గొడుగు మేడం, ఎదురుగా కళ్లజోడు పెట్టుకున్న కొత్త కౌన్సెలరు అబ్బాయి.

"చూడు నాయనా," అంది గొడుగు మేడం, "ఈవిడ తిట్టిందంటే బాగున్నట్టు. దెబ్బలాడిందంటే ఇంకా బాగున్నట్టు. ఎప్పుడైనా మెత్తగా మాట్లాడిందా, ఆ రోజు ఒంటరిగా ఇంటికి పంపకు. ఎవరినైనా అంతే, వాళ్ల మామూలు ఏంటో తెలుసుకో. అది తప్పినప్పుడు పట్టుకో."

"ఈ పిల్లాడా నన్ను పట్టుకునేది? ముందు వీడి కళ్లజోడు పట్టుకోమను, ముక్కు మీంచి జారిపోతోంది," అంది పెద్దమ్మ.

అబ్బాయి నవ్వాడు. గొడుగు మేడం కూడా నవ్వింది, కానీ మారుమాట అనలేదు. ఎప్పుడూ మాటకి మాట బాకీ ఉంచని మనిషి. "వెళ్లొస్తాను పెద్దమ్మా," అంది. ఎంత మెత్తగా అందంటే, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాక చల్లారిపోతున్న ఇనుములా ఉంది ఆ గొంతు.

మెట్లు సగం దిగాక పెద్దమ్మ కాలు ఆగిపోయింది. కింద పంక్చరు షాపులో ట్యూబు ఒకటి నీళ్ల తొట్టిలో బుడగలు వదులుతోంది. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడింది.

ఒక్క అంతస్తు పైకి పోవడానికి ఇన్ని అప్పగింతలెందుకు? మెట్లెక్కితే ఉండే మనిషే కదా. తననొక్కదాన్నేనా? బల్ల మీద కూర్చునేవాళ్లందరినీ ఈ పది రోజుల్లో ఆ పచ్చ కుర్చీలోంచే అప్పజెప్పేసింది. ఒక్కరిని కూడా తనకంటూ ఉంచుకోలేదు. మొక్క లేదు, గడియారం లేదు, ఈల లేదు. గొడుగేమో తన చేతిలోనే ఉంది.

అరచేతిలో గొడుగు పిడి పెట్టెలా కాలింది.

ఎప్పుడూ ఒక్కో మెట్టుకీ మోకాలిని తిట్టే మనిషి, ఆ రోజు మోకాలి మాటే మరిచి పై అంతస్తుదాకా ఎక్కింది. కొత్త గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తట్టలేదు, తోసింది. పట్టపగలే కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. బల్ల మీద ఒక్క కాగితం లేదు, గోడకి మేకు తప్ప ఏమీ లేదు. కాపురం పెట్టిన గదిలా లేదు, ఖాళీ చేసిన గదిలా ఉంది. గొడుగు మేడం చేతులు బల్ల కింద పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏంటి పెద్దమ్మా, ఏమన్నా మర్చిపోయావా?"

"ఆ. నీ గొడుగు." దాన్ని తెచ్చి బల్ల మీద అడ్డంగా పెట్టింది పెద్దమ్మ. "ఇది నాకొద్దు."

"బాగుందన్నావుగా?"

"బాగుందని తీసుకున్నా. ఎందుకిచ్చావో నా బుర్రకి ఇప్పుడెక్కింది."

గొడుగు మేడం చూపు కిటికీ వైపు పోయింది. "వయసైపోయిందే నీకు. ఏవేవో ఊహించుకుంటున్నావు."

కోడల్ని వెయ్యి మాటలన్న నోరు. మొగుడి శవం ముందు కూడా తిట్టడం మానని నోరు. ఆ ఒక్క మాటా బయటికి రావడానికి బల్ల అంచు పట్టుకోవాల్సొచ్చింది.

"చచ్చిపోవాలని ఉందా తల్లీ?"

గొడుగు మేడం నవ్వబోయింది. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే చెదిరిపోయింది.

"గది తప్పొచ్చానన్నాడట," అంది. "నా గది పక్కనే. ఆ రోజు నేనుంటే..."

"నేనడిగింది వాడి గురించి కాదు."

"ఉంది పెద్దమ్మా." కళ్లెత్తకుండానే అంది. "ఇవాళ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అనుకున్నా."

పెద్దమ్మ ఏడవలేదు, కేకలు పెట్టలేదు. కుర్చీ కోసం చూసింది. గదిలో రెండోది లేకపోతే బల్ల మీదే ఎక్కి కూర్చుని, ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుంది. నలభై ఏళ్లు పెట్టె పట్టిన చెయ్యి, అంత తేలిగ్గా విడిచేది కాదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు చెప్పు. నువ్వు నేర్పినదాంట్లో ఇక్కడిదాకే నాకు వచ్చు."

గొడుగు మేడం ఊపిరి వదిలింది. "పెద్దాసుపత్రిలో మనసు డాక్టరమ్మ ఉంది. ఇక్కడివాళ్లు వద్దు, వీళ్ల ముందు నేను మేడంనే అయిపోతాను." లేవబోయి ఆగింది. "నువ్వు కిందికెళ్లి ఆటో... వద్దు, వెళ్లకు. నన్ను ఒక్కదాన్నే వదలకు. ఇక్కణ్ణుంచే కళ్లజోడు అబ్బాయిని కేకెయ్యి, అతనే ఆటో పిలుస్తాడు."

పెద్దమ్మ తలుపు వైపు తిరిగి, మణికట్టు వదలకుండానే, పంక్చరు షాపు దాకా వినపడేలా కేకేసింది. మెట్ల మీద పరుగు మొదలైంది.

"అక్కడికెళ్లాక," అంది గొడుగు మేడం, రెండో చేత్తో గొడుగుని దగ్గరికి లాక్కుంటూ, "రోగి కుర్చీలో నేను కూర్చుంటాను. మూడో కుర్చీ అడిగి వేయించుకో. నాకు నోరు పెగలదు పెద్దమ్మా. మొదటి మాట నువ్వే చెప్పు. నా సంగతి ఇదీ అని చెప్పి, నన్ను అప్పజెప్పు."