నేను మరగబెట్టి పోసిన నీళ్ళు

ఆ రోజు మా ఆయన చొక్కా నిండా రక్తపు మరకలతో ఇంటికొచ్చాడు. పైగా నవ్వుతున్నాడు. ఆయన పేరు గణపతి. మేముండేది బర్మాలో. లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్. మిషన్ సూది చూపుడువేలిలో ఇటు దిగి అటు వచ్చిందట. పక్కనున్న అమ్మాయి కేక పెట్టేదాకా తనకి తెలియనే లేదట.

“నొప్పెట్టనేదా మావా?” అన్నాను.

“నేదే. సీమ కుట్టినట్టయినా నేదు,” అన్నాడు, అదేదో తన గొప్పయినట్టు.

ఆయన నవ్వినా నాకు నవ్వు రాలేదు. మిషన్ పాడైతే చేత్తో తడిమే ఎక్కడ తేడా ఉందో చెప్పే మనిషి ఆయన. ఆ చేతులే మా ఇంటి అన్నం. వేలికి సూది దిగినా తెలియలేదంటే ఇంక మరేం మిగిలింది?

కట్టు కడుతూ అరచేయి తిప్పి చూశాను. మెరపకాయ గింజల్లాంటి గట్టి బుడిపెలు కనిపించాయి. పాదాల కింద ఇంకా ఎక్కువ ఉన్నాయి. పనిచేసే చేతులు కదా, కాయలు కాశాయని అన్నాళ్ళూ అనుకున్నాను. ఛాతీ మీద నల్ల మచ్చలు, వాటి మధ్య తెల్ల చుక్కలు చాలాకాలంగా ఉన్నాయి. వాటిని ఎండకి వచ్చాయనుకున్నాను. అనుకోవడానికేం, నోటికి ఖర్చా!

వీధి చివరి క్లినిక్‌లో “ఫంగల్ ఇన్ఫెక్షన్” అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. రెండు నెలలు రాశాం. ఏమీ తగ్గలేదు. ఇంకో డాక్టరు కాళ్ళు తిమ్మిరంటే షుగర్ అయి ఉంటుందన్నాడు. బ్లడ్ టెస్ట్‌లో షుగర్ లేదు. “న్యూరోపతి లాగుంది, బీ ట్వెల్వ్ ఇంజెక్షన్లు వేయించండి,” అన్నాడు. అవీ వేయించాం. అలా ఏడాది గడిచింది. ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేక గోడవైపు తిరిగి నిలబడేవాడు. నేను చూడనట్టు నటించేదాన్ని.

ఆఖరికి లత అనే పేట దగ్గరున్న పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా అమ్మాయి జ్యోతి కూడా వచ్చింది. అప్పటికి దానికి పదహారేళ్ళు. నా బర్మీసు కూరగాయల బేరానికి సరిపోతుంది కానీ డాక్టర్లతో చాలదు. స్కిన్ స్పెషలిస్టు ఒక పెద్దావిడ. ఆయన రెండు చేతులూ దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పింది. చొక్కా విప్పమంది. ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది.

“తాగే నీళ్ళు ఎక్కడివి?”

“బోరు నీళ్ళు సయామా,” అన్నాను. ఇక్కడ డాక్టరమ్మని అలాగే పిలుస్తాం. “అయినా నేను మరగబెట్టకుండా చుక్క పొయ్యను.”

ఆ మాట ఎంత గొప్పగా అన్నానో ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది.

“ఎన్నేళ్ళుగా?”

సంచౌంగ్‌లో అద్దె ఇల్లు వదిలి ఇక్కడికొచ్చి, పెరట్లో బోరు వేయించుకుని పదమూడేళ్ళయింది. అదే చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టింది.

“క్రానిక్ ఆర్సెనిక్ పాయిజనింగ్ అనుకుంటున్నాను. యూరిన్ టెస్ట్, నెర్వ్ కండక్షన్ స్టడీ చేయిద్దాం. నీళ్ళు కూడా టెస్ట్‌కి పంపండి. మరగబెడితే జెర్మ్స్ చస్తాయమ్మా. ఆర్సెనిక్ చావదు. ఆవిరయ్యేది నీళ్ళే, అది గిన్నెలోనే ఉండిపోతుంది.”

అన్ని రిపోర్టులూ ఆవిడ మాటే నిజం చేశాయి.

నీళ్ళు పట్టుకెళ్ళడానికి ల్యాబ్ నుంచి మ సూ అనే అమ్మాయి వచ్చింది. ఈ విషం ఏ ఫ్యాక్టరీ వాళ్ళు కలిపారో చెప్పమన్నాను. కొంగు బిగించి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను.

“ఎవరూ కలపలేదక్కా,” అంది. “నది మోసుకొచ్చిన మట్టిలోనే ఉంది. మట్టిలో ఇనప తుప్పు ఉంటుంది కదా, ఈ విషం దాన్ని పట్టుకుని ఉంటుంది. గాలి తగిలినన్నాళ్ళూ తుప్పు దాన్ని వదలదు. అడుగున ఆకూ అలమూ కుళ్ళిన చోట గాలి ఉండదు. అక్కడ తుప్పు కరిగిపోతుంది. అప్పుడిది నీళ్ళలోకి వచ్చేసి, ఇసుక పొరలో మెల్లిగా నడుస్తుంది. మీ పైపు ఆ పొరలోకి దిగింది. ఇంకాస్త లోతుకి వెళ్ళుంటే ఉండేది కాదేమో.”

తిట్టడానికి ఒక మనిషైనా లేకపోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది.

మా పక్కింటి దా ఖిన్ బోరు కూడా మా బోరంత లోతే. ఆ ముసలమ్మ నీళ్ళు తోడి పెద్ద కుండల్లో రాత్రంతా ఉంచుతుంది. పొద్దుటికి అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటుంది. పైనున్న నీళ్ళు కదపకుండా గుడ్డలో వడకట్టి తాగుతుంది. నిలవ నీళ్ళు తాగుతారని నేను వెనకాల నవ్వేదాన్ని. మా ఇంట్లో నిన్నటి నీళ్ళు తొట్టిలో పోసి, తెల్లారి కొత్త నీళ్ళు కొట్టి, వెంటనే పొయ్యి మీద పెడతాం. అత్తగారు నేర్పిన శుభ్రం అది. మ సూ ఆవిడ కుండ నీళ్ళు కూడా పరీక్షకి పట్టుకెళ్ళింది. గాలి తగిలి తుప్పు మళ్ళీ గట్టిపడి, విషంలో చాలా భాగాన్ని పట్టుకుని అడుక్కి దిగిపోతుందట. ఆవిడ నీళ్ళలో మా నీళ్ళకంటే బాగా తక్కువ వచ్చింది. పూర్తిగా లేకుండా పోలేదు, అందుకని ఆవిణ్ణి కూడా మానెయ్యమన్నారు.

“మందేటి?” అని ఆయన అడిగాడు. జ్యోతి బర్మీసులో చెప్పింది.

“ఆ నీళ్ళు మానడమే మందు,” అంది డాక్టరమ్మ. “బాగా తినండి. విటమిన్లు రాస్తాను. నరాలు ఎంతవరకు కోలుకుంటాయో నేను చెప్పలేను.”

తాగడానికి సీసా నీళ్ళు కొన్నాం. బాగా తినమన్నారు కాబట్టి ఒంటికి బలమని తరవాణి పెట్టడం పెంచాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, తరవాణి అంటే గంజీ బియ్యం కడుగూ కుండలో పోసి పులియబెట్టేది. ఆ కుండని మేం పూర్తిగా ఖాళీ చెయ్యం. పులుపు పోతుందని అడుగున కొంత ఉంచి, మళ్ళీ దాని మీదే పోస్తాం. అడుగు చిక్కగా ఉంటుందని ఆ చిక్కటిదే రోజూ ఆయనకి వంచాను.

మూడు నెలలకి యూరిన్ టెస్ట్ మళ్ళీ చేశారు. అంకె దిగాల్సినంత దిగలేదు. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసింది. “ఇంకా ఎక్కడినుంచో లోపలికి వెళ్తోంది. ఏం తింటున్నాడో అంతా చెప్పండి,” అంది.

తరవాణి అన్నాను. జ్యోతికి దానికి బర్మీసు మాట దొరకలేదు. చేతులతో కుండా, పోయడం, పులియడం అన్నీ చూపించింది.

“అన్నం ఏ నీళ్ళతో వండుతారు?”

“బోరు నీళ్ళతోనే. ఎలాగూ మరుగుతాయి కదా…” అని మధ్యలో ఆగిపోయాను.

మరగబెడితే అది పోదని ఆవిడ మొదటి రోజే చెప్పింది. విన్నాను. తల కూడా ఊపాను. విన్న మాట తాగే గ్లాసు దగ్గరే ఆగిపోయింది, అన్నం గిన్నెదాకా రాలేదు. వండిన కొద్దీ, ఇంకించిన కొద్దీ, కుండలో నిలవేసిన కొద్దీ ఎక్కువ చేసి మరీ పెట్టాను. మూడు నెలలు మందు అనుకుంటూ పెట్టాను.

ఇంటికొచ్చి కుండ బోర్లించాను. అడుగంతా ఎర్రగా మడ్డి. దాని పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన వచ్చి పక్కన కూచున్నాడు.

“ఒలే లచ్చిమీ, ఎందుకే ఏడుపు? నువ్వేటి సేసినావు, అన్నమే కదా ఎట్టినావు,” అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటినుంచి వంటకీ సీసా నీళ్ళే. అంకె దిగింది. హమ్మయ్య అనుకునేలోపే గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఎడమ చేతి చిటికెన వేలి మీద బుడిపె పుండయింది. బయాప్సీ చేశారు. “స్క్వేమస్ సెల్ కార్సినోమా, చర్మానికొచ్చే క్యాన్సర్. తొందరగానే పట్టుకున్నాం. వేలు తీసేస్తే అక్కడితో ఆగొచ్చు,” అన్నారు. ఆగుతుందా అని అడిగాను. “ఆగొచ్చు” అనే మళ్ళీ అన్నారు. సంతకం పెట్టమన్నచోట పెట్టాను. ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చుని నేను చెయ్యగలిగిందల్లా ఆయన చెప్పులు పట్టుకోవడమే.

వేలు తీసేసి ఏడాదైంది. ఆయన ఇప్పుడు అదే ఫ్యాక్టరీ గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతున్నాడు. మిషన్ల దగ్గరికి వెళ్ళడు. ఛాతీ మీద మచ్చలు కొంచెం వెలిశాయి. తిమ్మిరి మాత్రం అలాగే ఉంది. ఆరు నెలలకొకసారి ఒళ్ళంతా చూపించుకోవాలి. జ్యోతికీ టెస్టులు చేయించాను. “ఇప్పుడేమీ లేదు. ముందుముందు రాదని మాటివ్వలేను,” అంది డాక్టరమ్మ. అందుకని ప్రతి ఆదివారం దాని అరచేతులు కిటికీ దగ్గర పెట్టి చూస్తాను.

మొన్న ఆదివారం అది చేతులు చూపించి, నా చేతులు పట్టుకుంది.

“నీవెవుళు సూత్తన్నారమ్మా?”

“నాకేటే, దుక్కలాగున్నాను,” అన్నాను.

అది వినలేదు. నా అరచేతుల్ని వెలుగులోకి తిప్పింది. బొటనవేలి కింద రెండు గింజలు గట్టిగా తగిలాయి. అంట్లు తోమి కాసిన కాయలని చెప్పబోయి ఊరుకున్నాను. అదే బోరు, అదే గంజి, అవే పదమూడేళ్ళు. వీళ్ళిద్దరికీ ఇన్ని టెస్టులు చేయిస్తూ, నన్ను చూడమని ఒక్కరోజైనా డాక్టరమ్మని అడగలేదు.

ఆసుపత్రిలో అడిగితే బుధవారం రమ్మన్నారు. ఏం చెబుతారో నాకు తెలియదు.

బోరు నీళ్ళు తాగేవాళ్ళు ముందు ఆ నీళ్ళు టెస్ట్ చేయించండి. అంతకన్నా ముఖ్యంగా ఒక మాట వినండి. ఇంట్లో ఒకరికి ఇలా బయటపడితే, ఆ నీళ్ళు తాగినవాళ్ళందర్నీ అదే రోజు డాక్టరుకి చూపించండి. వండి పెట్టిన మనిషిని కూడా.