పెద్దత్తకు పిట్టముద్ద

చేతికి కొత్తగా కలమొచ్చిన ఆ రోజుల్లో మనుషుల్ని చంపడం నాకు పెద్ద విషయంగా ఉండేది కాదు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి టీవీ సీరియల్‌కు మాటలు రాస్తున్నాను. నటి వేరే సీరియల్‌కు వెళ్లిపోతే సోమవారానికి గుండెపోటు, నటుడు అలిగితే లారీ. (కడపలో మా నాయన మాత్రం నేనింకా కంప్యూటర్లోనే ఉన్నానని చెప్పుకునేవాడు. అబద్ధమేం కాదు, టైపు చేసేది దాంట్లోనే.)

కొండాపూర్‌లో నేనుండే గది ఓనరును పెద్దమ్మ అని పిలిచేవాణ్ని. అక్కడ ఈ అద్దాల బిల్డింగులు లేనప్పటి నుంచీ ఉన్న మనిషి. రోజూ ఏడున్నరకు మా సీరియల్ పెట్టుకుని, అందులో పెద్దత్త ఒక మాటంటే ఈవిడ ఇక్కణ్నుంచి బదులు చెప్పేది. ఆ మాటలు రాసేది నేనేనని తెలిశాక కిరాయి పెంచడం మానేసి తలకాయకూర పంపడం మొదలుపెట్టింది. అలాంటి సమయంలో పెద్దత్త వేషం వేసే నటి మానేసింది. వారంలోగా చంపమన్నారు. చంపాను.

ఆ చావు టీవీలో వచ్చిన మూడో రోజు పొద్దున పెద్దమ్మ తలుపు కొట్టింది. చేతిలో విస్తరి, అందులో అన్నం, మటన్ కూర, పెద్దత్తకిష్టమైన గారెలు.

"ఇగ పైకి నడువు. చంపినోనివి నువ్వే, పిట్టకు పెట్టేది గూడ నువ్వే" అంది.

నవ్వబోయి, ఉబ్బిన ఆ కళ్లు చూసి ఆగిపోయాను. కాకి ముద్ద ముట్టకపోతే గది ఖాళీ చేయాలని మెట్లెక్కుతూ మామూలు గొంతుతోనే చెప్పింది.

కొండాపూర్‌లో కాకులెక్కడివి? అన్నీ పావురాలే. అవి లెక్కకు రావని పెద్దమ్మ కొంగుతో తోలేసింది. ఉన్న ఒక్క కాకీ పక్క బిల్డింగు పిట్టగోడ మీద కూర్చుని మావైపు చూసి మొహం తిప్పుకుంది. పోయినామెకు ఏదో కోరిక మిగిలిందని, అదేందో కనుక్కుని మాటివ్వమని పెద్దమ్మ పట్టుబట్టింది. చిన్నకొడుకు పెళ్లి చేస్తామన్నాను. కోడలితో మాట కలుపుతామన్నాను. కాకి కదల్లేదు. ఎండెక్కుతోంది, నాకేమో స్టోరీ మీటింగు. చివరికి చేతులు జోడించి, నిన్ను మళ్లీ తీసుకొస్తామమ్మా అన్నాను. వచ్చి గారె తన్నుకుపోయింది, దొంగమొహంది.

కాకికిచ్చిన మాట తప్పే ధైర్యం నాకు లేదు. (ఆ కిరాయికి ఇంకో గదీ దొరకదు.) మీటింగులో మా కథ చూసే పెద్దాయన కళ్లజోడు తీసి, "చితి కూడా చూపించేశాం కదండీ" అన్నాడు. పొగే చూపించామని, మొహం ఎవరూ చూడలేదని వాదించాను. ఆపరేషన్‌తో మొహం మారిన పెద్దత్తగా కొత్త నటి తిరిగొచ్చింది. ఆ రోజు పెద్దమ్మ పక్కనే అన్నం కంచంతో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. పెద్దత్త ఒక మాటంటే ఎప్పటిలాగే బదులు చెప్పి, నావైపు తిరిగిందామె.

"మొఖం వేరే గని, మాట ఆమెదే బిడ్డా. ఇంట్ల ఒక్కదాన్నే ఉంట, ఎవరన్న మాట్లాడాలె గద" అంది.

నా రాతను మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే. నాకు ఏడుపొచ్చింది. కారం ఎక్కువైందని చెప్పాను.

ఈమధ్యే పెద్దమ్మ పోయింది. మూడో రోజుకు, ఇప్పుడు నేనుంటున్న మియాపూర్ నుంచి వెళ్లాను. అదే మిద్దె, అదే విస్తరి, కాకి రాదు. భూమి కొట్లాట మానేస్తామని కొడుకులు, ఆమె గొలుసు అమ్మబోమని కూతుళ్లు మాటిచ్చారు. రాలేదు. వాళ్లు అలసి నీడకు పోయాక నేను విస్తరి దగ్గరికెళ్లి, పెద్దత్తను చంపనులే పెద్దమ్మా అని మెల్లగా చెప్పాను. వచ్చింది.

ఆ సీరియల్ ఇంకా నడుస్తూనే ఉంది. లెక్కేస్తే పెద్దత్తకు నూరేళ్లు దాటాయని, ఇంకా ఎన్నాళ్లని ఛానెల్ పిల్లలు అడుగుతుంటారు. కథకు అవసరమంటాను. ఒకప్పుడు అలవోకగా మనుషుల్ని లారీ కిందికి తోసినవాణ్ని, ఇప్పుడామెకు జలుబు రాయాలన్నా చెయ్యాడదు.