అట్టల మీద గీసిన దారి

మొన్న మంగళవారం పొద్దున్నే ప్యాకింగ్ సూపర్‌వైజర్ ఫోన్ చేసి, మా ఫోర్‌మన్ గారు పోయారని చెప్పింది. గుండెపోటట. మీలో ఎవరూ ఆయన్ని ఎరిగుండరు. భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో మోటార్లు, కంప్రెసర్లు చూసుకున్న మనిషి. ప్యాకింగ్ ఆడవాళ్ళందరితో అండి అనే మాట్లాడేవారు. చేతులు కిరసనాయిలుతో, ఆపైన సబ్బుతో కడిగితే గానీ క్యారేజీ ముట్టుకునేవారు కాదు. నాకు పని నేర్పింది ఆయనే.

నేను డిప్లొమా చేసి చేరిన ఏడాదే ఫ్యాక్టరీకి ఒక పాత రోబో చెయ్యి కొన్నారు. వీధికో కంప్యూటర్ కోర్సు బోర్డు వెలుస్తున్న రోజులవి. బెల్టు మీద వచ్చే రొయ్యల ట్రేలు ఎత్తి ఫ్రీజర్ అరల్లో పెట్టడం దాని పని. అది మాత్రం ట్రే ఎత్తాక తిన్నగా వెళ్ళేది కాదు. పైకి లేచి, వెనక్కి తిరిగి, కాసేపు ఆగి, చుట్టూ తిరిగొచ్చేది. ఈలోపు బెల్టు మీద ట్రేలు పేరుకునేవి, ఐసు కరిగేది. నెలాఖరుకి దారికి రాకపోతే వెనక్కి పంపేస్తానన్నారు మేనేజర్ గారు. దానికోసమే నన్ను తీసుకున్నారు కాబట్టి, అది పోతే నేనూ ఇంటికే.

కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని నేను కాగితం రాస్తుంటే ఫోర్‌మన్ గారు వచ్చి కూర్చున్నారు.

"ముందు అది ఏ దారిన పోతోందో చూద్దామమ్మా. తిట్టడం తర్వాత."

నేలంతా తడి. అట్టపెట్టెలు విప్పి పరిపించారు. రోబో చేతి చివర దారంతో ఇనుపగుండు వేలాడదీసి, బాగా మెల్లగా నడపమన్నారు. తను మోకాళ్ళ మీద పాకుతూ గుండు కింద స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టుకుంటూ పోయారు. చుక్కలు కలిపితే ఖాళీ జాగా చుట్టూ పెద్ద వంపు తేలింది. అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. వాళ్ళ షెడ్డులో అక్కడో స్తంభం ఉందట. దాన్ని తప్పించుకునే దారి నేర్పి, అలాగే మాకు పంపేశారు.

సంబరంగా ఆ మలుపులన్నీ ఎవర్నీ అడక్కుండా తీసేశాను. మొదటిసారి నడపగానే దాని మోచెయ్యి ఒక్కసారిగా తిరగబడింది. ట్రే వెళ్ళి ఫ్రీజర్ తలుపుకి కొట్టుకుంది, పట్టుకునే వేళ్ళు వంగిపోయాయి. మేనేజర్ గారు పరుగున వస్తే, తీసేయమన్నది తనేనని చెప్పారు ఫోర్‌మన్ గారు. ఆయన అననేలేదు. ఎందుకలా చెప్పారని తర్వాత అడిగాను.

"మాటలు పడ్డం నాకలవాటే. అది ఎందుకు తిరగబడిందో నువ్వు చూడు."

వంగిన వేళ్ళు తనే సరిచేశారు. ఇంగ్లీషు రాదు కనక రిమోట్ బటన్ల పక్కన భుజం, మోచెయ్యి, మణికట్టు అని టేపు మీద రాసి అంటించుకున్నారు. మూడు రోజులు ఒక్కో కీలే కదిపి చూశాం. ట్రే ఎత్తేచోట మోచెయ్యి పైకి, పెట్టేచోట కిందికి ఉండేలా నేర్పారు అమ్మినవాళ్ళు. పాత మలుపుల్లో మెల్లగా మారేది, నేను వాటిని తీసేశాక ఉన్నట్టుండి మారింది. రెండుచోట్లా పైకే ఉండేలా మళ్ళీ నేర్పాం.

శనివారం బెల్టు మీద ఒక్క ట్రే కూడా పేరుకోలేదు. ఎవరు చేశారని మేనేజర్ గారడిగితే, "అమ్మాయిగారండి" అన్నారు ఫోర్‌మన్ గారు. ఆ రోజు ఆయనకి నమస్కారమైనా పెట్టలేదు నేను.

చల్లగదిలోంచి ఎండలోకి రాగానే ఆయన కళ్ళద్దాలకి ఆవిరి పట్టేసింది. తుడుచుకోలేదు. ఏమీ కనిపించకుండానే గోడకి చెవి ఆనించి, లోపల ట్రేలు అరల్లోకి జారుతున్న చప్పుడు వింటూ అలాగే నిలబడ్డారు.